వైమానిక, అంతరిక్ష గ్రంథాలు: విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయం

కథను, నవలను విమర్శించే పద్ధతి మీకు పరిచితమే. విజ్ఞాన గ్రంథాన్ని ఎలా విమర్శించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణలుగా విమానాలు, రాకెట్లు, ఉపగ్రహాలకు సంబంధించిన పుస్తకాలను తీసుకుందాం. ఈ విషయం మనకు దూరమైనదేమీ కాదు. బాపట్ల దగ్గర సూర్యలంకలో వైమానికదళ కేంద్రం ఉంది. కొరిశపాడు దగ్గర, అత్యవసర సమయాల్లో విమానాలు దిగేందుకు జాతీయ రహదారి మీదే రన్‌వే నిర్మించారు. 2022 డిసెంబరు 29న వైమానికదళం అక్కడ ట్రయల్ రన్ నిర్వహించింది. తలెత్తి చూసిన ప్రతివారికీ ప్రశ్నలు కలుగుతాయి. వాటికి జవాబు చెప్పే పుస్తకం మంచిదో కాదో ఎలా నిర్ణయించాలి?

2. రెండు రకాల పుస్తకాలు

విజ్ఞాన గ్రంథాలలో కొన్ని వెతుక్కోవడానికి, కొన్ని చదువుకోవడానికి. కొమర్రాజు లక్ష్మణరావు ప్రారంభించిన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మొదటి రకం, అంటే రిఫరెన్సు గ్రంథం. ఖగోళ విషయాలను పత్రికాభాషలో సులువుగా చెప్పిన నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ రెండో రకం, అంటే జనరంజక విజ్ఞాన గ్రంథం. మొదటిదానిలో కథనం లేదనీ, రెండోదానిలో అకారాది క్రమం లేదనీ తప్పుపట్టడం సరైన విమర్శ కాదు. అయితే రెండింటికీ ఒక ఉమ్మడి కొలత ఉంది. పుస్తకం చెప్పినదాన్ని పాఠకుడు సరిచూసుకోగలగాలి. ఈ కొలతను మాట, కారణం, ఆధారం, ప్రయోజనం అనే నాలుగు అంశాలకు అన్వయించి చూద్దాం.

3. మాటకు హద్దు

2021 జులై 11న శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ సంస్థ వాహనంలో ప్రయాణించారు. ఆమె కుటుంబానికి తెనాలితో సంబంధం ఉండటంతో ఆ ఊరు ఎంతో సంతోషించింది. ఆ వాహనం సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళింది. అది అంతరిక్షమేనా? అమెరికా ప్రభుత్వ సంస్థలు పాటించే హద్దు 50 మైళ్ళు, అంటే దాదాపు 80 కిలోమీటర్లు. ఆ లెక్కన అది అంతరిక్షమే. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పాటించే హద్దు 100 కిలోమీటర్లు. ఆ లెక్కన కాదు. ఇందువల్ల ఆమె సాహసానికి వచ్చిన లోటేమీ లేదు. కానీ రిఫరెన్సు గ్రంథమైతే రెండు హద్దులనూ చెప్పి తీరాలి. ఆకాశం, గగనం, వ్యోమం, రోదసి, అంతరిక్షం అనే మాటలను కవి ఒకదానికి బదులు ఒకటి వాడవచ్చు. విజ్ఞాన రచయిత మాత్రం ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పాలి.

4. కారణానికి పరీక్ష

విమానం ఎలా ఎగురుతుందో చెప్పే పేజీ తెరవండి. చాలా జనరంజక గ్రంథాలలో, అన్ని భాషలలోనూ, ఒకే వివరణ కనిపిస్తుంది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైనుంచి వెళ్ళే గాలి ఎక్కువ దూరం నడవాలి. కింది గాలితో పాటే రెక్క చివరకు చేరాలి కాబట్టి అది వేగంగా కదులుతుంది. అందువల్ల పైన పీడనం తగ్గుతుంది అని. ఇందులో ఒక మెట్టు తప్పు. రెండు గాలులూ ఒకేసారి చివర కలవాలన్న నియమం ఏదీ లేదు. నిజానికి పైగాలి ముందే చేరుతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందన్న మాట సరైనదే, వేగం పెరగడానికి చెప్పిన కారణమే సరైనది కాదు. రెక్క తన చుట్టూ ఉన్న గాలిని కిందికి మళ్ళిస్తుంది, దానికి ప్రతిచర్యగా గాలి రెక్కను పైకి నెడుతుంది. వంపు ఒక్కటే కారణమైతే విన్యాసాలు చేసే విమానం తలకిందులుగా ఎగరగలిగేది కాదు. చదవడానికి సాఫీగా సాగే వివరణ నిజమైనదే కావాలని లేదు.

5. ఆధారానికి పరీక్ష

‘విమానం’ పాత మాట. పుష్పకమూ విమానమే, తిరుమల గర్భాలయం మీది ఆనంద నిలయమూ విమానమే. మాట పాతది కాబట్టి యంత్రమూ పాతదే అనుకోవడం పొరపాటు. భరద్వాజ మహర్షి పేరుతో ప్రచారంలో ఉన్న ‘వైమానిక శాస్త్రం’ గ్రంథాన్ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన పరిశోధకులు పరిశీలించారు. దాని భాషను, ప్రచురణ చరిత్రను, అందులోని బొమ్మలను, కొలతలను చూశారు. అది 1904కు ముందు రాసినది కాదనీ, అందులో వర్ణించిన వాహనాలు ఎగరలేవనీ తేల్చారు. పుష్పకాన్ని కావ్యంలో ఆస్వాదించడానికి ఈ తీర్పు అడ్డురాదు. వారి పద్ధతిని గమనించండి. గ్రంథాన్ని వెక్కిరించలేదు, అది చెప్పిన లెక్కలనే వేసి చూశారు.

ఆత్మకథకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. అబ్దుల్ కలాం ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’కు వాడ్రేవు చినవీరభద్రుడి అనువాదం ‘ఒక విజేత ఆత్మకథ’. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 సాధించిన విజయంతో పాటు 1979 ఆగస్టు 10 నాటి మొదటి ప్రయోగ వైఫల్యాన్ని, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వచ్చిన లోపాన్ని కూడా ఆయన చెప్పారు. ఆ పుస్తకం బలం అక్కడ ఉంది. అయినా అది ఒక వ్యక్తి చూసిన చరిత్ర. దాన్నే రిఫరెన్సు గ్రంథంగా వాడుకోవడం మన పొరపాటే గాని, రచయితది కాదు.

6. ప్రయోజనం

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను, కృష్ణకు ఇవతల రేపల్లె ప్రాంతాన్ని ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరాక మేఘాల చిత్రాలు మనకు నేరుగా అందసాగాయి. 1990 మే నెలలో మళ్ళీ పెను తుఫాను కృష్ణా ముఖద్వారం వైపు వచ్చినప్పుడు లక్షమందికి పైగా ప్రజలను ముందే తరలించగలిగారు. మరణాలు వందల్లోనే ఆగాయి. ఇది ఉపగ్రహం ఒక్కదాని ఘనత కాదు. తీరంలోని రాడార్లు, రేడియో హెచ్చరికలు, అధికారుల ఏర్పాట్లు అన్నీ కలిసి పనిచేశాయి. ఉపగ్రహాలపై పుస్తకం చదివేటప్పుడు, ప్రయోగం రోజు చప్పట్లకు ఎన్ని పేజీలు ఇచ్చారో, మేఘాల చిత్రం రేపల్లె రైతుకు హెచ్చరికగా మారే దారికి ఎన్ని పేజీలు ఇచ్చారో లెక్కపెట్టండి. మొదటిది గర్వాన్ని ఇస్తుంది. తీరంలో బతికేవారికి రెండోది తప్పనిసరి.

7. సారాంశం

విజ్ఞాన గ్రంథం కలిగించే ఆశ్చర్యం పాఠకుణ్ణి లోపలికి పిలుస్తుంది. మాటకు హద్దు, కారణంలో పొందిక, మాటకు తగిన ఆధారం, ప్రయోజనానికి చోటు ఉంటేనే ఆ పుస్తకాన్ని నమ్మవచ్చు. ఈ నాలుగింటినీ అడగడానికి మీరు ఇంజనీరు కానక్కరలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 86 కిలోమీటర్ల ఎత్తు ప్రయాణాన్ని రిఫరెన్సు గ్రంథం ఎలా నమోదు చేయాలి?
2. రెక్క గురించిన ప్రచారంలోని వివరణలో తప్పిన మెట్టు ఏది?
3. మీ ఊరి గ్రంథాలయంలో విమానాలపై గాని, ఉపగ్రహాలపై గాని ఒక తెలుగు పుస్తకాన్ని ఎంచుకుని, పై నాలుగు అంశాల ఆధారంగా ఒక పేజీకి మించకుండా విమర్శ రాయండి.