పెడళ్ల వరుసా, ఐదు తీగలూ

విద్యుత్ గిటారు తీగలోని కంపనం పికప్ అనే అయస్కాంత పరికరం ద్వారా విద్యుత్ సంకేతంగా మారి ఆంప్లిఫయరుకు చేరే దారిలో, ఆ సంకేతపు స్వభావాన్ని మార్చడానికి కాలి దగ్గర అమర్చుకునే చిన్న పెట్టెను ఎఫెక్ట్స్ పెడల్ అంటారు. ఫజ్ అనే పెడల్ స్వరతరంగపు శిఖరాలను కత్తిరించి నాదాన్ని గరుకుగా మారుస్తుంది. డిలే అనేది మీటిన స్వరాన్ని కొంత వ్యవధి తరువాత మళ్లీ వినిపిస్తుంది. తుని వంటి పట్టణానికి కూడా ఇవి కొరియర్‌లో వచ్చి చేరుతున్న కాలంలో, ఒకటి తరువాత ఒకటిగా వీటిని కూడబెట్టే అభిరుచిని వృథా వ్యసనంగా కొట్టిపారేయడం న్యాయం కాదు, ఎందుకంటే ప్రతి పెట్టె వెనుకా ఒక ఇబ్బందితో తలపడిన బుద్ధి ఉంది. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’లో, నాష్‌విల్ స్టూడియో పరికరంలోని లోపం వల్ల గ్రేడీ మార్టిన్ గిటారు నాదం చెదిరి వినిపించగా, ఆ చెదిరిన నాదాన్నే కావాలని పుట్టించేందుకు 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పెడల్ వెలువడింది.

అయితే పరికరాలు పెరిగినకొద్దీ ఊహ పెరుగుతుందన్న నమ్మకాన్ని పరీక్షించడానికి దూరం పోనక్కరలేదు. తునికి నైరుతిన, డెల్టాలోని పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఎంచుకున్న మాండలిన్, కర్ణాటక సంగీతానికి దాదాపు అన్ని విధాలా అడ్డుపడే వాద్యం. స్వరాన్ని నిలకడగా ఉంచక ఊపుతూ, జారుస్తూ పలికించే గమకమే ఈ సంగీతానికి ప్రాణం కాగా, వీణపై పొడవైన తీగను మెట్టు మీద పక్కకు లాగి సాధించే ఆ కదలికకు మాండలిన్‌లోని పొట్టి తీగ సులువుగా లొంగదు. పైగా అందులో తీగలు జంటలుగా ఉండటం వల్ల రెండింటినీ సమంగా లాగకపోతే శ్రుతి చెడుతుంది, మీటిన నాదం కూడా త్వరగా అణగిపోతుంది. నాలుగు జంటల స్థానంలో ఐదు ఒంటి తీగలు అమర్చిన విద్యుత్ మాండలిన్‌తో ఆయన ఆ అడ్డంకిని ఎదుర్కొన్నారు. మిగిలినదంతా వేళ్ల పనే.

గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం తెలియదు. ఆయన పాడేవారు, ఆరేళ్ల శిష్యుడు ఆ పాటను తీగలపై పలికించేవాడు. అనుకరించడానికి ఎదురుగా మరొకరి వేళ్లు లేకపోవడం వల్ల, గొంతులోని ప్రతి వంపుకూ మెట్ల మీద ఒక దారి వెతుక్కోక తప్పలేదు. ఈ కొరతే ఆ బాణీకి మూలమని చెప్పడం సాహసం కాదు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ జరిగే నాటికి శ్రీనివాస్ వయసు తొమ్మిదేళ్లు.

పెడళ్ల లోకంతో ఆయనకు పరిచయం లేకపోలేదు. నాదాన్ని ఎంతసేపైనా నిలిపే ‘ఇన్ఫినిట్ గిటార్’ను రూపొందించిన మైకేల్ బ్రూక్‌తో కలిసి 1995లో ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ చేశారు. తెగని నాదమూ, త్వరగా తెగే నాదమూ ఒకే చోట చేరిన ఆ కలయిక, పెడళ్లు కూడబెట్టేవారు శ్రద్ధగా వినదగినది.

గిటారుపై రాగం వాయించదలచినవారికి డిలే పెడల్ ఒక్కటే చాలినంత పరీక్ష పెడుతుంది. తోడి రాగంలో గాంధార స్వరాన్ని ఊపుతున్నప్పుడు, క్షణం కిందటి స్వరస్థానం ప్రతిధ్వనిగా తిరిగివచ్చి ఇప్పటి స్థానంతో ఢీకొనడం వల్ల గమకం మసకబారుతుంది. వ్యవధిని తగ్గించి, ప్రతిధ్వనిని ఒక్కసారికి పరిమితం చేసి, దాని బిగ్గరతనాన్ని అణచి ఉంచడం ఒక మార్గం. సంచారం, అంటే రాగంలో ఒక స్వరాల నడక, ముగిసిన చోట ఆగి, ఆ నిశ్శబ్దంలో ప్రతిధ్వనికి చోటివ్వడం ఇంతకన్నా మేలైన మార్గం, కానీ ఆ ఆగవలసిన చోటు ఎక్కడో తెలియాలంటే గిటారును పక్కన పెట్టి రాగాన్ని ముందు గొంతుతో పాడి చూసుకోవలసి ఉంటుంది.