పేరున్నంతనే గ్రంథం ఉన్నట్టేనా? – ‘అలభ్యం’ అనే మాటపై ఒక పరిశీలన

1. ప్రవేశిక

శాస్త్రీయ దత్తాంశాన్ని భద్రపరిచే హెచ్.డి.ఎఫ్.5 ఫైలులో అంశాలు విభాగాలుగా, ఉపవిభాగాలుగా అమరి ఉంటాయి. ఒక దత్తాంశం అందులో ఉందని నిర్ధారించాలంటే మూడు ప్రశ్నలు వేయాలి. దారిలోని విభాగాలన్నీ ఉన్నాయా? చివరి పేరు ఉందా? ఆ పేరు సూచించే దత్తాంశం నిజంగా ఉందా? పేరుతో లంకె ఉండి, గమ్యం లేకపోవడం అక్కడ సంభవమే. తెలుగు సాహిత్య చరిత్రలో ‘అలభ్యం’ అనే ఒక్క మాట ఈ భేదాలన్నింటినీ కప్పివేస్తోంది.

2. గోదావరీతీరపు నిదర్శనాలు

నందంపూడి శాసనం (1053) నన్నయ రచన. దానగ్రహీత నారాయణభట్టును అది సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషల్లో కవిగా ప్రశంసిస్తుంది. అతని తెలుగు కావ్యం లభించలేదు. దాని పేరైనా తెలియదు. ఇక్కడ విభాగం ఉంది, అంశం పేరు లేదు.

దాక్షారామ భీమేశ్వరుని వరప్రసాదిగా ప్రసిద్ధుడైన వేములవాడ భీమకవి రాఘవపాండవీయం రచించాడని ప్రతీతి. అదే పేరుతో కావ్యం రచించిన పింగళి సూరన, అది పెద్దల మాటే తప్ప చూసినవారు లేరని 16వ శతాబ్దిలోనే చెప్పాడు. ఇక్కడ పేరు ఉంది, గమ్యం లేదు. ప్రతీతిని ప్రమాణంగా స్వీకరించకుండా పరీక్షించిన తొలి విమర్శకులలో సూరననూ లెక్కించాలి.

ఆంధ్రశబ్దచింతామణి స్థితి వేరు. గ్రంథం చేతిలో ఉంది. నన్నయ కర్తృత్వమే వివాదాస్పదం. భీమన దానిని గోదావరిలో కలిపాడని, సారంగధరుడు కంఠస్థం చేసి నిలిపాడని అప్పకవి కథనం. గ్రంథం అంతకాలం కనిపించకపోవడానికి ఆ కథ సమాధానమే కాని, కర్తృత్వానికి సాక్ష్యం కాదు.

3. ‘లేదు’ అనే తీర్పు

నన్నెచోడుని కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించేవరకు సాహిత్య చరిత్రలో ఆ కవికి స్థానం లేదు. తాళపత్రం మాత్రం ఉంది. కాబట్టి ‘లేదు’ అనే తీర్పు వెదికిన భాండాగారానికే వర్తిస్తుంది.

4. ముగింపు

గ్రంథసూచికలు కంప్యూటరులోకి చేరుతున్న ఈ కాలంలో ‘అలభ్యం’ అని ఒకసారి నమోదైతే తరువాతి పరిశోధకుడు వెదకడం మానివేసే ప్రమాదం ఉంది. కేవలం పేర్లను గ్రంథాలుగా లెక్కిస్తే లేని వాఙ్మయం ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అందువల్ల పేరు ఎక్కడ ఉంది, ప్రతి ఎక్కడ ఉంది, కర్తృత్వానికి ఆధారమేమిటి, ఎక్కడెక్కడ వెదికారు అనే నాలుగు అంశాలను సూచికలు వేర్వేరుగా నమోదు చేయాలి.