రిజర్వు బ్యాంకు ‘బివేర్’ పుస్తిక: కృత్రిమ మేధ కాలమున ఒక పరిశీలన

భారత రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ‘బివేర్’ అను చిన్న పుస్తకమును వెలువరించినది. ‘జాగ్రత్త’ అను అర్థమిచ్చు ఆంగ్లపదములో ‘ఎరుక’ అను అర్థము కూడ ధ్వనించునట్లు కూర్చిన పేరిది. ఖాతాదారులను మోసగించు ఉపాయములను ఒక్కొక్కదానిని తీసికొని, మోసగాడు ఏమి చేయును, దానికి ఖాతాదారుడు ఏమి చేయవలెను అని వరుసగా చెప్పుట దీని క్రమము. కరీంనగరములో గాని ఆదిలాబాదులో గాని ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఈ విషయమును తరగతిలో చెప్పదలచినచో ఈ క్రమము చాల అనువుగా ఉండును. భయపెట్టు మాటలు లేవు, ఆడంబరము లేదు. మోసమును ఒక యంత్రము పనిచేయు తీరును విప్పి చూపినట్లు చూపినారు. ఇది మెచ్చదగిన గుణము.

అయితే పుస్తకము వచ్చిన ఎనిమిది నెలలకు, అదే సంవత్సరము నవంబరు 30వ తేదీన, ‘చాట్‌జీపీటీ’ ప్రజలకు అందినది. మనిషివలె వ్రాయు యంత్రము పరిశోధనశాల గడప దాటినది. దీనిని ముందుగా ఊహింపలేదని పుస్తకకర్తలను తప్పుపట్టుట న్యాయము కాదు. కాని నేడు ఆ పుస్తకమును చేతబట్టువారు అందులోని ఏ సూచన నిలిచినది, ఏది బలహీనపడినది తెలిసికొనక తప్పదు.

మొదటిది అక్షరదోషముల సంగతి. ఉత్తరములలో వచ్చిన వెబ్‌సైటు చిరునామాలలో అక్షరదోషములు ఉన్నవేమో చూడుమని పుస్తకము చెప్పుచున్నది. అక్షరదోషము ధనమును కాపాడిన సందర్భములు నిజముగా ఉన్నవి. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరిట దొంగ ఆదేశములు పంపినపుడు ఒకదానిలో ‘ఫౌండేషన్’ అనుటకు ‘ఫాండేషన్’ అని వ్రాసిరి. దారిలోనున్న బ్యాంకు వారికి అనుమానము కలిగి, రెండు కోట్ల డాలర్ల చెల్లింపు ఆగినది. అప్పటికే 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్సు చేరిపోయినవి. అది వేరే మాట.

నేటి భాషాయంత్రము అట్టి తప్పు చేయుట అరుదు. అపారమైన వ్రాతలను చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుటకు అవకాశము ఎక్కువో లెక్కగట్టి వ్రాయుట దాని పని. తప్పు మాటకు ఆ లెక్కలో అవకాశము తక్కువ. కావున ఉత్తరములోని భాషను బట్టి దొంగను పట్టు రోజులు పోయినవి. ఇచట ఒక భేదమును పాటింపవలెను. పుస్తకము చెప్పినది చిరునామాను గురించి. ఇంటర్నెట్టులో ఒకే చిరునామా ఇద్దరికి ఉండదు. దొంగ సైటు చిరునామాలో ఎచటనో ఒక అక్షరమైనను తేడా ఉండక తప్పదు. యంత్రము ఎంత తెలివైనదైనను ఈ నియమమును దాటలేదు. ఆ తేడాను కన్ను పట్టలేకపోవుటయే చిక్కు. ఇందుకు రిజర్వు బ్యాంకే తరువాత మంచి మందు కనిపెట్టినది. బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోపల ‘బ్యాంక్ డాట్ ఇన్’తో ముగియు చిరునామాలకు మారవలెనని ఆ సంవత్సరము ఏప్రిలులో ఆదేశించినది. వాటి నమోదు హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ చేతిలో ఉన్నది. చిరునామా అంతటిని వెదకుటకంటె దాని తోకను చూచుట సులువు. పుస్తకమును మరల అచ్చువేయునపుడు మొదట చేర్పవలసిన మాట ఇది.

భాష విషయములో ఉత్తర తెలంగాణమునకు ఒక ప్రత్యేకత కలదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి వినబడు ఈ జిల్లాలకు ఇంతకాలము భాషయే ఒక కోటగోడగా నిలిచినది. దూరదేశపు దొంగకు ఇచటి మాట రాదు. వచ్చినవానిని పట్టుకొని రావలెను. 2024లో రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక తల్లి ఇచ్చిన ఫిర్యాదు వలన, ఉద్యోగమని నమ్మి కంబోడియాకు పోయిన ఆమె కుమారుడు అచట సైబరు మోసములు చేయించు ముఠా చేతిలో చిక్కిన సంగతి బయటపడినది. భారతీయులను మోసగించుటకు భారతీయులనే బంధించి పని చేయించుట ఆ ముఠాల పద్ధతి. ఇపుడు తెలుగు వ్రాయుటకు, పలుకుటకు యంత్రమే చాలును. గోండికి ఆ స్థితి ఇంకను పూర్తిగా రాలేదు. యంత్రములు చదువుటకు ఆ భాషలో వ్రాత తక్కువగా ఉండుటయే కారణము. అది రక్షణ అని సంతోషింపవలెనో, వెనుకబాటని చింతింపవలెనో చెప్పుట కష్టము.

రెండవది తాళము గుర్తు. సైటు చిరునామా ప్రక్కన తాళపుకప్ప బొమ్మ ఉన్నదో లేదో చూచి వివరములు ఇమ్మని పుస్తకము చెప్పుచున్నది. ఈ సూచన 2022 నాటికే పాతబడినది. ఇచట పుస్తకకర్తలను మన్నించుటకు వీలు లేదు. ఆ గుర్తు తెలుపునది ఒక్కటే: పంపిన సమాచారము దారిలో ఇతరులు చదువలేని గూఢలిపిలో పోవుచున్నది. అవతల కూర్చున్నవాడు ఎట్టివాడో అది చెప్పదు. ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ అను సంస్థ 2015 చివరి నుండి అట్టి ధ్రువపత్రములను ఉచితముగా ఇచ్చుచున్నది, దొంగయు తీసికొనవచ్చును. గూగుల్ సంస్థ తన ‘క్రోమ్’ బ్రౌజరులో 2023లో ఆ బొమ్మనే తొలగించినది. జమ్మికుంట, ఆదిలాబాదు మార్కెట్టు యార్డులు ఎరిగిన విద్యార్థులకు దీనిని ఇట్లు చెప్పవచ్చును. బండిపై పట్టా బిగించి కట్టియున్నచో దారిలో ఎవరును పత్తిని తాకలేదని తెలియును. పత్తిలో తేమ నూటికి 8 పాళ్లో 12 పాళ్లో పట్టా చెప్పదు. అందుకు మీటరు పెట్టవలెను. ఆ మీటరు అమ్మువాడు తెచ్చినది కాకూడదు.

మూడవ సూచన అన్నిటికంటె విలువైనది, అన్నిటికంటె అజాగ్రత్తగా చదువబడునది. స్నేహితుని పేరిట గాని బంధువు పేరిట గాని ధనము కోరుచు సందేశము వచ్చినచో, ఫోనులోనో ముఖాముఖిగానో మాట్లాడి నిర్ధారించుకొమ్మని పుస్తకము చెప్పుచున్నది. సూచన సరియైనదే. అయితే ఆ ఫోను ఎవరు చేయవలెను? 2023 జనవరిలో మైక్రోసాఫ్టు పరిశోధకులు మూడు సెకనుల గొంతును విని ఆ గొంతుతో మాట్లాడు యంత్రమును ప్రకటించిరి. 2024లో ‘ఆరప్’ అను బ్రిటిషు ఇంజనీరింగు సంస్థ హాంకాంగు కార్యాలయములో ఒక ఉద్యోగి వీడియో సమావేశములో తన పై అధికారులను చూచి, వారి మాటలు విని, రెండున్నర కోట్ల డాలర్లు పంపివేసెను. తెరపై కనిపించినవారు యంత్రము అల్లిన బొమ్మలు. కావున వచ్చిన ఫోను నిర్ధారణ కాదు. పాత నంబరుకు తాను చేసిన ఫోను మాత్రమే నిర్ధారణ. ఈ ఒక్క వాక్యము లేకపోవుట ఈ పుస్తకమునకు పెద్ద లోటు.

ఈ లోటు వ్యాపారులకు మరింత తగులును. పుస్తకపు దృష్టి ప్రధానముగా ఒంటరి ఖాతాదారునిపై ఉన్నది. కరీంనగరపు గ్రానైటు రాయి చైనాకు ఎగుమతి అగుచున్నది. బేరములు, బిల్లులు ఈమెయిలులో నడచును. అట్టి వ్యాపారి ఒకనికి ‘మా బ్యాంకు ఖాతా మారినది, ఇకపై ఈ నంబరుకు సొమ్ము పంపుడు’ అని పాత పరిచయస్థుని శైలిలోనే ఉత్తరము వచ్చినదనుకొనుడు. మునుపటి ఉత్తరములను చదివిన యంత్రము ఆ శైలిని క్షణములో అనుకరించును. గుమాస్తా ఎంత చురుకైనవాడైనను ఉత్తరమును చూచి తేల్చలేడు. ఖాతా నంబరు మార్పునకు ఇద్దరి సంతకములు, చిట్టాలోని పాత నంబరుకు ఒక ఫోను, ఒక రాత్రి ఆలస్యము: ఈ మూడును ఖర్చు లేనివి.

పెద్ద సంస్థలలోను తలుపు తెరుచుకొనునది ఇట్లే. 2022 జనవరిలో హైదరాబాదులోని ఎ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు నుండి 12 కోట్ల రూపాయలకు పైగా దొంగలు తరలించిరి. ఉద్యోగులకు వచ్చిన వంచన ఈమెయిలుల ద్వారా వారు లోపలికి చొచ్చిరని పోలీసులు తేల్చిరి. సైబరు భద్రతా నిబంధనలు పాటింపలేదని రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుపై 65 లక్షల జరిమానా వేసినది. అది చాట్‌జీపీటీకి ముందటి సంగతి. కృత్రిమ మేధ కొత్త దొంగతనమును కనిపెట్టినదనుటకంటె, పాత దొంగతనమునకు పట్టు శ్రమను తగ్గించినదనుట సరి.

రక్షించువారికిని ఈ మేధ అందినది. దొంగసొమ్ము దాచు అద్దె ఖాతాలను పసిగట్టుటకు రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ ‘మ్యూల్ హంటర్’ అను యంత్రమును రూపొందించినది. 2024 డిసెంబరులో దానిని ప్రకటించిరి. ఇట్టి యంత్రముల శక్తిని, పరిమితిని ఒక చిన్న లెక్క తెలుపును. ఒక బ్యాంకులో రోజునకు లక్ష చెల్లింపులు జరుగుననియు, అందు పది మాత్రమే దొంగవనియు అనుకొనవలెను. యంత్రము నూటికి 99 సార్లు సరిగా చెప్పును. పది దొంగ చెల్లింపులును దాదాపు అన్నియు చిక్కును. కాని తక్కిన 99,990 నిజమైన చెల్లింపులలో నూటికొకటి చొప్పున సుమారు వేయి కూడ దొంగవని ఆగిపోవును. అనగా యంత్రము మ్రోగించిన ప్రతి నూరు గంటలలో నిజమైనది ఇంచుమించు ఒక్కటే. తక్కిన తొంబదితొమ్మిదింటి వెనుక పత్తి సొమ్ము కొరకు వేచియున్న రైతో, కూలీ చెల్లింపవలసిన మగ్గముల యజమానియో ఉండును. ఈ లెక్కను పదవ తరగతి సంభావ్యత పాఠముతో కలిపి చెప్పవచ్చును. 99కి బదులు 99.9 వేసి విద్యార్థులచేతనే మరల చేయించినచో గంటల సంఖ్య ఎంత తగ్గునో వారికే తెలియును.