పేరు మాసిన బంగళా

బనగానపల్లె వెలుపల నవాబుల వేసవి బంగళా యొకటి గలదు. యాగంటి యుమామహేశ్వరుని దర్శింప వచ్చు యాత్రికులు దానికడ నాగి, "అరుంధతి కోట ఇదేనా?" అని యడుగుదురు. ఔనని మా యూరివారు సగర్వముగా బదులు చెప్పుదురు. కోడి రామకృష్ణగారి దర్శకత్వమున 2009వ సంవత్సరమున వెలువడిన "అరుంధతి" చిత్రమున దీనిని కథానాయిక వంశమువారి కోటగా చూపిరి. నాటినుండి బంగళాకు పాతపేరు మాసినది.

ఆ చిత్రమును మెచ్చనివారు మా యూర నరుదు. మేము మెచ్చలేదు. ఈ మాట యన్నందులకు బంధువులు మమ్ము ఛాందసులనిరి, శిష్యులు నవ్విరి. ఇందఱికి నచ్చినది మాకేల నచ్చలేదో విచారించుకొనుట యుచితము.

మా యిల్లాలి వాదము మొదట చెప్పవలెను. "మీరు పాఠము చెప్పు కావ్యములలో స్త్రీ యేడ్చును, ఎదురుచూచును. ఈ జేజమ్మ బెదరక నిలిచినది. అది మీకు గిట్టలేదు కాబోలు" అని యామె యనెను. ఈ మాటలో సత్యము గలదు. మన చిత్రములలో కథాభార మంతయు నొక స్త్రీ మోయుట యరుదు. అనుష్క యా భారమును సమర్థముగా మోసినది. దానిని మేము కాదనము.

అయినను ఆ ధైర్యము తుద కెట్లు ఫలించినది? పశుపతిని అణచుటకు జేజమ్మ తానై ప్రాణము విడువవలెను. ఆమె యెముక ఆయుధము కావలెను. ఆమె మరల జన్మింపవలెను. చచ్చినగాని స్త్రీకి జయము లేదనుట పాత పాఠమే గదా! కందుకూరి వీరేశలింగం పంతులుగారు వితంతువులకు పునర్వివాహములు చేయించినది ఈ జన్మముననే వారు సుఖింపవలెననియే.

ఇక రసమును గూర్చి. అఘోరులు, శ్మశానము, బలి - ఇవి మన పూర్వకవు లెఱుగనివి కావు. భవభూతి మాలతీమాధవమున, పంచమాంకమందు, అఘోరఘంటుడు మాలతిని చాముండకు బలి యీయబోవును. కాని యచటి భయబీభత్సములు మాధవుని యనురాగమును వెలిగించుటకై వచ్చినవి. షేక్స్పియరు మాక్బెత్ నాటకమున డంకను రాజు హత్యను రంగముపై చూపనేలేదు. హంతకుని నెత్తుటిచేతులను మాత్రమే చూపెను. ఈ చిత్రమో, పుఱ్ఱెలను, కేకలను, రక్తమును మాటిమాటికి మన మీదికి విసరును. మేమును ఉలికిపడితిమి, కాని ఉలికిపాటు వేఱు, భయానకరసము వేఱు.

మా యప్రియమునకు మఱియొక కారణము గలదు. "మా యూరు" అను వ్యాసము వ్రాయుమనగా నొక బాలిక, "మా యూరి కోటను గద్వాల రాజులు కట్టించిరి. అందు పశుపతి సమాధి యున్నది" అని వ్రాసినది. చిత్రకథ గద్వాలది, బంగళా మాది. కథలో ఆ యింటి నిజమైన యజమానులకు చోటే లేదు. ఎఱ్ఱసిరాతో కొట్టివేయబోయి యాగితిమి. ఈ సంస్థానము 1948లో కర్నూలు జిల్లాలో కలిసినదనియు, అంతవఱకు దీని నేలినవారు నవాబులనియు ఆ పిల్లలకు మే మెన్నడైన చెప్పితిమా? పాఠ్యపుస్తకమున లేదని యూరకుంటిమి. మేము చెప్పనందున చిత్రము తన కథ చెప్పినది.

మఱుసటి వారము పిల్లలను బంగళాకు తోడుకొనిపోయితిమి. కొందఱు పశుపతి గోరికై వెదకిరి. మేము నవాబుల ప్రసంగ మెత్తితిమి. కొంతసేపు విని యా బాలికయే, "అన్నీ మగవాళ్ల పేర్లే చెప్తారేం సార్? ఈ ఇంట్లో ఆడవాళ్లు ఉండలేదా?" అని యడిగినది.

మా యిల్లాలి మాటయే మరల వినబడినట్లయ్యెను. చిత్రము మా కిప్పటికిని నచ్చలేదు. ఆ ప్రశ్న మాత్రము న్యాయమైనది. చిత్రమును మెచ్చినవారే దానిని మాకు నేర్పిరి.