గరిటె లెక్క

చేతివంట బాగుందంటే చాలు, ఎవరో ఒకరు అననే అంటారు: "నువ్వు కర్రీ పాయింట్ పెట్టరాదూ!" మా మరదలికి ఈ మాట పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఆఖరికి అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా వినపడింది. ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకునేది. పిల్లలిద్దరూ హాస్టళ్ళకు వెళ్ళాక ఈ ఏడు నిజంగానే పెడదామని కూర్చుంది. బ్యాంకులో చిన్న లోన్ల సీట్లో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషిని కాబట్టి లెక్కల పుస్తకం నా ఒళ్ళో పడేసింది. "వంట నాది, లెక్క మీది వదినా" అంది.

కర్రీ పాయింట్ పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. అన్నం కుక్కర్లో పెట్టుకోవడం ఎవరికైనా వచ్చు. పప్పు, పులుసు, వేపుడు, రోటిపచ్చడి చేసుకునే తీరికే ఉండదు. ఆ తీరికను ప్యాకెట్లలో కట్టి అమ్మడమే వ్యాపారం. కుర్చీలు వెయ్యక్కర్లేదు, ఎంగిలి ప్లేట్లు కడగక్కర్లేదు, పెద్ద హాలు అక్కర్లేదు. ఒక షట్టరు, నాలుగు పొయ్యిలు, వరసగా స్టీలు గిన్నెలు ఉంటే బోర్డు పెట్టెయ్యొచ్చు. ఆ సులువు వల్లే మా రోడ్డులో బోర్డులు అంత త్వరగా మారుతుంటాయి.

ఇలాంటి సులువైన కాగితాలు సీట్లో ఉండగా నా ముందుకు చాలా వచ్చేవి. 2015 ఏప్రిల్‌లో ముద్ర పథకం వచ్చాక 'శిశు' కింద 50 వేల దాకా, 'కిశోర్' కింద 5 లక్షల దాకా, 'తరుణ్' కింద 10 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా అప్పు ఇచ్చే వీలు కలిగింది. వచ్చేవాళ్ళు ప్రాజెక్ట్ రిపోర్టు పట్టుకొచ్చేవాళ్ళు. బ్యాంకు పక్క జిరాక్స్ షాపులో ఒకే నమూనాలో పేర్లు మార్చి టైపు చేయించినవి. అందులో నెలకు ముప్ఫై రోజులూ అమ్మకాలు నిండుగా ఉండేవి, సరుకు పైసా వృథా పోయేది కాదు. పొయ్యి ధర, ఫ్రిజ్ ధర, అద్దె అన్నీ రాసేవాళ్ళు. "మరి మీ జీతం ఎక్కడ?" అని అడిగితే నవ్వేవాళ్ళు. "మా ఇంట్లో వాళ్ళం చేసుకునే పనికి జీతమేంటి మేడమ్?" మగవాళ్ళూ అదే జవాబు, ఆడవాళ్ళూ అదే జవాబు. తేడా ఒక్కటే. మగవాళ్ళు తమ జీతం రాసుకోలేదు; ఆడవాళ్ళు తమదీ రాసుకోలేదు, సాయానికొచ్చే అత్తగారిదీ, కూతురిదీ రాసుకోలేదు.

అందుకని మరదలి పుస్తకంలో మొదటి పేజీకి పెట్టుబడి అని కాకుండా జీతం అని పేరు పెట్టాను. దానికి ఆవిడ బాగా ఇబ్బంది పడింది. "ఇంకా రూపాయి రాకముందే జీతమా?" అంది. నీ చోట ఇంకో వంటమనిషిని పెట్టుకుంటే ఎంత ఇస్తావో అది రాయి, అన్నాను. గంటకు వంద అని ఒప్పుకోవడానికి సాయంత్రమైంది.

ఆ తర్వాత తూకం మొదలైంది. ఐదు కిలోల బెండకాయ తెచ్చి, కడిగి, తుడిచి, ఆరబెట్టి, తొడిమా తోకా తీసి, ఉల్లిపాయ, పల్లీలు వేసి వేయించింది. దించాక కాటా మీద పెడితే దాదాపు మూడు కిలోలు. బజార్లో ఐదు కొన్నాం, గిన్నెలో మూడు ఉంది. ఇంట్లో ఈ సంగతి ఎవరం పట్టించుకోం. దుకాణానికి ఇక్కడే మొదటి పాఠం. ధరలు మీ ఊరి మార్కెట్‌వి వేసుకోండి, మేం వేసుకున్న లెక్క ఇది: కిలో నలభై చొప్పున కాయలకు 200, నూనెకు 110, ఉల్లి, పల్లీలు, కారం, పోపు సామానుకు 60, గ్యాస్‌కు 40. నూట యాభై గ్రాముల చొప్పున 20 ప్యాకెట్లు. కవరు, దారం, క్యారీబ్యాగు కలిపి ప్యాకెట్టుకు రెండు రూపాయలు. మొత్తం 450. ప్యాకెట్టు 30కి అమ్మితే 600 వస్తుంది, 150 మిగులు. మరదలి ముఖం వెలిగింది.

అప్పుడు జీతం పేజీ తెరిచాను. కాయలు తుడవడం దగ్గర్నుంచి గిన్నె దించేదాకా రెండు గంటలు. దానికి 200. అంటే ప్రతి గిన్నె మీదా యాభై నష్టం, అదీ ఇరవై ప్యాకెట్లూ అమ్ముడుపోతేనే. నాలుగు మిగిలిపోతే చేతికొచ్చేది 480. జీతం పక్కనపెట్టినా మిగులు ముప్ఫై రూపాయలు. అద్దె ఇంకా పుస్తకంలోకి రానేలేదు. జీతం రాయకపోతే ఈ నష్టం కనిపించేది కాదు, నడుం నొప్పి రూపంలో అనుభవంలోకి వచ్చేది. రెండేళ్ళకు "ఏమో, మనకు అచ్చిరాలేదు" అని షట్టరు దించేసేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదేనని నా అనుమానం.

అదే పూట టమాటా పప్పు కూడా తూచాం. కిలో కందిపప్పుతో, టమాటాలూ నీళ్ళూ చేరాక, రెండు వందల యాభై గ్రాముల ప్యాకెట్లు ఇరవై దాకా వచ్చాయి. సరుకూ, పోపూ, గ్యాసూ, కవర్లూ కలిపి 290. పని అరగంట, కుక్కరు దాని పని అది చేసుకుంటుంది. ముప్ఫైకి అమ్మినా జీతం పోను 260 మిగులుతుంది. కూరగాయ పొయ్యి మీద తరుగుతుంది, పప్పు నీళ్ళతో పెరుగుతుంది. జనం వేపుడు కోసం వస్తారు, వచ్చినవాళ్ళు పప్పు, సాంబారు పట్టుకెళ్తారు. అద్దె కట్టేది పప్పు. వేపుడు మానేస్తే ఎవరూ రారు. పప్పు లేకపోతే వచ్చినా మిగలదు. ఏ కూర పిలుస్తుంది, ఏ కూర పోషిస్తుంది అని విడివిడిగా రాసుకున్నాకే మెనూ తేలింది.

అన్నిటికన్నా కష్టంగా వదిలించుకోవాల్సిన అలవాటు ఇంకోటి ఉంది. మన ఇళ్ళలో నలుగురికి వండమంటే ఐదుగురికి వండుతాం. ఎవరైనా వస్తారేమో, పిల్లలు మారు అడుగుతారేమో. గిన్నె అడుగంటితే ఇల్లాలికి నామోషీ. దుకాణంలో ఆ ఐదో మనిషి రోజూ రాడు. మధ్యాహ్నం రెండుకు "బెండకాయ అయిపోయింది" అని చెప్పడం మరదలికి అవమానంగా తోచింది. నిజానికి రేపు ఆ మనిషిని పన్నెండున్నరకే రప్పించే మాట అది. మిగిలినదాన్ని సాయంత్రం వేడిచేసి పెట్టే దుకాణం సంగతి కొన్నవాళ్ళ నాలుకకు ఇట్టే తెలిసిపోతుంది. పైగా అది రుచితో పోయే వ్యవహారం కూడా కాదు. వండిన పదార్థాన్ని వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీల పైనే ఉంచాలి, చల్లగా అయితే 5 డిగ్రీల లోపు. మధ్యలో గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న గిన్నెలో క్రిములు పెరుగుతాయి. కాబట్టి తక్కువ వండటమే లాభం, ఆరోగ్యం కూడా.

తక్కువ వండాక ఇక చూసుకోవాల్సింది గరిటె. ప్రతి ప్యాకెట్టూ కాటా మీద పెట్టే తీరిక పన్నెండున్నర రద్దీలో ఉండదు. అందుకని ముందే స్టీలు సామాన్ల కొట్టుకు కాటా పట్టుకెళ్ళి, పప్పుకొకటి, వేపుడుకొకటి, పచ్చడికొకటి గరిటెలు ఎంచుకున్నాం. నిండా తీస్తే ఎంత తూగుతుందో ఇంటికొచ్చి మళ్ళీ చూసుకున్నాం. వేపుడులో పది గ్రాములు ఎక్కువ తూగే గరిటె అంటే పదిహేను ప్యాకెట్లకు ఒక ప్యాకెట్టు ఊరికే పోవడం. ఇక "ఇంకొంచెం వెయ్యండమ్మా" అనేవాళ్ళుంటారు. కొసరు వెయ్యని కొట్టు మన దగ్గర బతకదు. అందుకే కొసరును కూడా లెక్కలో రాశాం. ఇరవై ప్యాకెట్లయ్యే గిన్నెకు పంతొమ్మిదే అమ్మకం కింద వేసుకుని, ఒకటి కొసరు ఖాతాలో పెట్టాం. ముందే రాసుకున్న కొసరును నవ్వుతూ వెయ్యొచ్చు.

షట్టరు వెతకడంలో నేను మరదల్ని బాగా తిప్పాను. మాది ఎల్బీనగర్ దాటాక ఉన్న కాలనీ. మియాపూర్ నుంచి వచ్చే మెట్రో ఎల్బీనగర్‌లో ఆగిపోతుంది; సాయంత్రం ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్ళు అక్కడ దిగి ఆటోల్లో, బస్సుల్లో కాలనీల్లోకి వస్తారు. అలసి వస్తున్నవాళ్ళు రోడ్డు దాటి కూర కొనరు. కాబట్టి షట్టరు ఇంటికెళ్ళే వైపే ఉండాలి. అద్దె తక్కువని అవతలి వైపు చూపించిన షాపు ముందు ఒక సాయంత్రం నిలబడితే విషయం అర్థమైంది. హాస్టళ్ళ వీధి ఇంకో ఆశ. కానీ వేసవి సెలవుల్లో అది ఖాళీ అవుతుంది, సంక్రాంతికి నగరంలో చాలా కుటుంబాలు ఊళ్ళకెళ్తాయి, కార్తీకంలో కోడికూర గిన్నె కదలదు. ముహూర్తం అడగడానికి పంచాంగం ఎలాగూ తెరుస్తాం. ఏ నెలలో ఎన్ని రోజులు గిరాకీ పడిపోతుందో కూడా అందులోనే చూసుకోవచ్చు.

నెల ఖర్చు ఇలా వేసుకున్నాం. అద్దె, సాయం చేసే అమ్మాయి జీతం, కరెంటు, నీళ్ళ క్యాన్లు కలిపి 30 వేలు అనుకుంటే, 26 రోజులు తెరిచే దుకాణానికి రోజూ షట్టరు ఎత్తేసరికే దాదాపు 1,150 అప్పు పడి ఉంటుంది. ప్యాకెట్టుకు సగటున పది రూపాయలు మిగిలితే 115 ప్యాకెట్లు పోతే గానీ ఆ అప్పు తీరదు. ఈ ఒక్క అంకె తెలిస్తే మిగతా సలహాలు సగం అక్కర్లేదు. ఆ రోడ్డు మీద, ఆ వేళలో, అంతమంది కొంటారా అన్నదే ప్రశ్న.

కాగితాల పని జనం భయపడేంత లేదు. ఇంటి నుంచి అమ్మినా ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు కావాలి. వాళ్ళిచ్చే 14 అంకెల నంబరు దుకాణంలో కనపడేలా పెట్టాలి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. 2020 జులై నుంచి నడుస్తున్న ఉద్యమ్ నమోదు ఆధార్ నంబరుతో ఉచితంగా అవుతుంది, దానికి ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వొద్దు. ఇంటి సిలిండరు దుకాణంలో వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి, లెక్క కూడా ఆ ధరతోనే వెయ్యాలి. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఆ 20 లక్షలు లాభం కాదు, అమ్మకం. నెలకు 26 రోజుల లెక్కన రోజుకు ఆరు వేల నాలుగొందలు గల్లాలో పడుతుంటే గడప దగ్గరకు వచ్చినట్టే.

డబ్బు దగ్గర మాత్రం నిదానంగా ఉండాలి. కొత్త షట్టరు ఎత్తగానే రోజువారీ ఫైనాన్స్ వాళ్ళు వస్తారు. పదివేల అప్పుకు తొమ్మిదివేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. "వంద రోజులకు వెయ్యే కదా" అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి, లెక్కకడితే అది నెలకు ఆరు రూపాయల వడ్డీ పైనే. ఏ వేపుడూ అంత మిగల్చదు. అందుకే మూడు నెలల అద్దె, సరుకు డబ్బు చేతిలో లేనిదే తెరవకూడదనుకున్నాం. దుకాణానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ పెట్టాం. ఇంటి పాల బిల్లు అందులోంచి పోయిందంటే ఆ నెల లెక్క చదవడానికి పనికిరాదు.

బయటివాళ్ళకు అమ్మి చూద్దామని, నమోదు కాగితం రాగానే ఆదివారాలు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు తీసుకున్నాం. వేపుడు 40, పప్పు 30. నలభై రాసి పంపడానికి మరదలికి చెయ్యి రాలేదు. "ఏమనుకుంటారో వదినా" అంది. ఏమీ అనుకోలేదు. కొందరు కొన్నారు, కొందరు మానేశారు. మెచ్చుకున్నవాళ్ళందరూ మళ్ళీ ఆర్డరు పెట్టలేదు. పెద్దగా మెచ్చుకోని రెండో అంతస్తు పెద్దాయన మాత్రం ఏ ఆదివారమూ వదల్లేదు. పొగడ్త ఒక ఖాతా, గిరాకీ ఇంకో ఖాతా. బంధువుల పొగడ్త అసలు పుస్తకంలోకే రాదు.

ఇక్కడికి వచ్చాక నాకు తోచేది ఒకటే. ఇంటి వంటకు గొప్పదనం తెచ్చేది లెక్కపెట్టకపోవడం. ఎంత శ్రమపడ్డామో, ఎంత వడ్డించామో ఎవరూ రాసుకోరు. అదే పద్ధతిలో దుకాణం నడిపితే ఆ ఇంటి మనిషే ముందు అరిగిపోతుంది. రుచి ఇంటి నుంచి తెచ్చుకోవాలి, ధర మాత్రం బయటివాళ్ళలా వెయ్యాలి. మన పనికి మనమే వెల కట్టుకోకపోతే, కొనేవాళ్ళు కడతారని ఎదురుచూడటం అత్యాశ.

ప్రస్తుతానికి మధ్యాహ్నం పూట మాత్రమే, నాలుగు రకాలతో తెరవాలని తేలింది. రాత్రి గిరాకీ సంగతి 115 ప్యాకెట్ల గీత దాటాక చూస్తాం. ఒకవేళ ఆ గీత దాటదని ఆదివారాల లెక్కే చెబితే, షట్టరు అడ్వాన్సు ఇవ్వకుండా ఆగిపోతాం; దానికీ మరదలు సిద్ధంగానే ఉంది. మొదటిసారి వ్యాపారం పెట్టబోయేవాళ్ళు ఎవరైనా నన్ను సలహా అడిగితే, లోను ఎంత వస్తుందని తర్వాత అడగమంటాను. ముందు ఒక కాగితం తీసి, ఇంట్లో ఈ పనికి చెయ్యి వేసే ప్రతి మనిషి పేరూ రాసి, ఎదురుగా జీతం వెయ్యండి. ఆ జీతాలన్నీ పోను మిగిలితేనే అది వ్యాపారం.