గోండుల జాతీయభావము - బోధనాభాష

దేశమందలి యైక్యమునకు ఏకభాషాబోధనమే పునాది యనియు, అడవి తెగల పిల్లలకు రాష్ట్రభాషను నేర్పినచో జాతీయభావము తనంతట నలవడు ననియు పలువురు విద్యావంతుల యభిప్రాయము. ఆదిలాబాదు గోండుల చరిత్రను పరిశీలించినచో ఈ యభిప్రాయము నిలువదని మాకు తోచుచున్నది.

గోండులు తమ్ము తాము కోయితూర్ లని చెప్పుకొందురు. వారి భాష ద్రావిడభాష. తెలుగునకు దగ్గరి చుట్టము. అయినను నిజాము పాలనలో వారికి ప్రభుత్వమనగా తెలిసినది అటవీశాఖవారును, పోలీసులును మాత్రమే. 1940లో జోడేఘాటున కుమ్రం భీము పోలీసు కాల్పులలో మరణించెను. ఆ పిమ్మటనే ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడైన హైమెన్‌డార్ఫును రప్పించి గోండుల స్థితిగతులను విచారింపజేసినది. ఆయన ప్రోత్సాహమున 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణకేంద్రము వెలసినది. దేవనాగరిలిపిలో గోండీ వాచకములు సిద్ధమైనవి; గోండు యువకులే ఉపాధ్యాయులైరి. భూమి పట్టాలును ఆ దశకముననే పలువురి చేతి కందినవి.

ఈ పథకమును మేము అతిగా పొగడబోము. అది తిరుగుబాటునకు జడిసిన ప్రభువుల శాంతిప్రయత్నము. లిపి నిర్ణయమును పైనుండి వచ్చినదే. కాని ప్రభుత్వము గోండు ముంగిట గోండు మాటతో నిలుచుట అదియే మొదలు. తన మాటను మన్నించిన రాజ్యమును తనదిగా తలచుట మానవసహజము.

1956లో భాషాప్రయుక్త రాష్ట్రము లేర్పడినవి. గోండీ ఏ రాష్ట్రమునకును ప్రాతిపదిక కాలేదు. గోండుల నేల ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మధ్యప్రదేశ్ రాష్ట్రముల పాలైనది. ఒకే తెగ పిల్లలకు బడిభాష ఒకచోట తెలుగు, ఒకచోట మరాఠీ, వేరొకచోట హిందీ. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపవలెనను 350-ఎ అధికరణము ఆ సంవత్సరముననే రాజ్యాంగమున చేరుట గమనింపదగినది. 2003 నాటి సవరణచే సంతాలీ, బోడో భాషలకు ఎనిమిదవ షెడ్యూలున దక్కిన చోటు గోండీకి దక్కలేదు. 2011 జనాభా లెక్కలలో గోండీ మాతృభాషగా గలవారు దాదాపు 29 లక్షలు. రాజ్యము గోండును షెడ్యూల్డు తెగవానిగా గుర్తించినది. అతని నోటి మాటను మాత్రము గుర్తింపలేదు.

గోండీలో మాండలికభేదములు పెక్కు; ఒక లిపి స్థిరపడలేదు; ఉద్యోగమునకు రాష్ట్రభాష కావలయును. ఈ యాక్షేపణలు నిజమే. అయితే ఇవి గోండీని బడినుండి తొలగించుటకు హేతువులు కావు. తెలుగు వలదని మా వాదము కాదు. గోండీ మెట్టుమీదుగా తెలుగునకు ఎక్కవలెననియే మా మనవి.

ఇందు మన దోషమును కలదు. తెలుగు శబ్దముల పూర్వరూపములకై మనము గోండీ మాటలను ఏరుకొనుచున్నాము. ఆ మాటలు పలుకు బిడ్డ బడిలో ఏ భాష వినుచున్నాడో అరుదుగా అడుగుచున్నాము. మన శాఖలలో జరుగవలసిన పరిశోధన అచ్చటనుండి మొదలుకావలెను.