స్కేలు పట్టుకున్న పియానిస్టు

అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1961లో చేసిన 'వేరియేషన్స్ 2' నొటేషన్ తెప్పించుకుంటే చేతికి వచ్చేది పుస్తకం కాదు, పదకొండు పారదర్శక షీట్లు. ఆరింటి మీద ఒక్కో సరళరేఖ, అయిదింటి మీద ఒక్కో చుక్క. అంతే. స్వరమని చెప్పుకోదగిన గుర్తు ఒక్కటీ ఉండదు. ఏ వాద్యమో, ఎందరు వాయించాలో, ఎంతసేపో కూడా ఉండదు. షీట్లను ఎలా పడితే అలా బల్ల మీద పరచాలి. ఒక్కో చుక్క నుంచి ఆరు రేఖలకూ లంబాలు గీసి కొలవాలి. ఒక కొలత శ్రుతిని చెబుతుంది, ఒకటి ధ్వని తీవ్రతను, ఒకటి నాదగుణాన్ని. ధ్వని ఎంతసేపు నిలవాలి, ఎప్పుడు మొదలవ్వాలి, ఒంటరిదా గుంపా అన్నవి మిగతా మూడూ తేలుస్తాయి.

కచేరీ వేదిక మీద కంటే ముందు, స్కేలూ పెన్సిలూ పట్టుకుని బల్ల ముందు కూర్చునేవాడి పని ఇది. ఆ పనిలో పియానిస్టు డేవిడ్ టూడర్‌ని మించినవాడు లేడు. 1926లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, మొదట ఆర్గాన్ వాద్యకారుడు. ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగ సంగీత చరిత్రలో కేజ్ పేరు పెద్దక్షరాల్లో, టూడర్ పేరు అధోజ్ఞాపికల్లో కనిపిస్తుంది. నాకది అన్యాయమనిపిస్తుంది.

ఫ్రెంచి స్వరకర్త పియరీ బౌలెజ్ రెండో పియానో సొనాటాను అమెరికాలో తొలిసారి వినిపించింది టూడరే, 1950 డిసెంబరులో న్యూయార్క్‌లో. వేళ్లకు ఎంత సాధన చేసినా ఆ రచన లొంగలేదు. బౌలెజ్‌ని కదిలించిన రచయిత ఆంటోనిన్ ఆర్తో అని తెలిసి, అతన్ని చదవడం కోసం ఫ్రెంచి నేర్చుకున్నాడు. అప్పుడు గాని దారి దొరకలేదట. మరుసటి ఏడాది కేజ్ చైనా ప్రాచీన గ్రంథం 'ఈ చింగ్' ఆధారంగా నాణేలు ఎగరేసి 'మ్యూజిక్ ఆఫ్ ఛేంజెస్' రాస్తుంటే, టూడర్ ఆ భాగాలను వాయిస్తూ వచ్చాడు. వేగం ఒక్కో చోట పెరుగుతూ, ఒక్కో చోట తగ్గుతూ పోయే రచన అది. టూడర్ లెక్కలు కట్టి దాన్ని సెకన్లలోకి మార్చి స్టాప్‌వాచ్ ముందు పెట్టుకున్నాడు. అలాంటి వాద్యకారుడు ఎదురుగా లేకపోతే కేజ్ ఆ రచనకు సాహసించేవాడా అన్నది నా సందేహం.

1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్‌లోని మావరిక్ హాలులో జరిగిన కేజ్ '4 నిమిషాల 33 సెకన్లు' సంగతి అందరూ చెప్పేదే. ఒక్క మెట్టూ నొక్కకుండా ముగిసిన కచేరీ. భాగం మొదలైనప్పుడు మెట్ల మీది మూత దించింది, ముగిసినప్పుడు ఎత్తింది టూడర్ చేతులే. అలా మూత కదలకపోతే మూడు భాగాలున్నాయని ప్రేక్షకులకు తెలిసేదే కాదు.

1958లో కేజ్ రాసిన పియానో, ఆర్కెస్ట్రా కాన్సర్ట్‌లో పియానో భాగం 63 పేజీలు. అందులో 84 రకాల లేఖన పద్ధతులు. ఏవి వాయించాలో, ఏ వరుసలో వాయించాలో వాద్యకారుడి ఇష్టం. ఇంత స్వేచ్ఛ ఇస్తే మనమైతే వేదిక ఎక్కి తోచింది వాయించేద్దుమేమో. టూడర్ మాత్రం ఆ బొమ్మల్ని కొలిచి, లెక్కించి, మామూలు నొటేషన్‌లో తన ప్రతి తాను రాసుకున్నాడు. కచేరీలో దాన్నే వాయించాడు. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టి పరిశోధన సంస్థలో భద్రంగా ఉన్న అతని కాగితాల్లో ఈ శ్రమ కనిపిస్తుంది.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు 'ఇది మన మనోధర్మమే, అప్పటికప్పుడు అల్లడమే కదా' అనవచ్చు. కాదు. కల్పనస్వరం వేసేవాడికి రాగం, తాళం తరతరాల ఆస్తిగా ముందే ఉన్నాయి. తప్పితే సభలో పక్కవాద్యం వాడికీ తెలుస్తుంది. టూడర్‌కి అలాంటి ఆస్తి లేదు. ఒక్కో రచనకూ వ్యాకరణం కొత్తగా కట్టుకోవాలి, ఆ తరువాత దానికి తానే కట్టుబడాలి.

'వేరియేషన్స్ 2'కు అతను కట్టుకున్న వ్యాకరణం చూడండి. పియానోకు కాంటాక్ట్ మైకులు బిగించాడు. గ్రామఫోన్ కార్ట్రిడ్జ్‌లతో తీగల్ని తాకాడు. ఆ శబ్దం హోరెత్తి దానంతటదే తిరగబడే రకం, మిల్లీమీటర్ల కొలతకు లొంగదు. అందుకని కొలతలన్నిటినీ సరళం, జటిలం అని రెండే జాతులు చేశాడు. కేజ్ ఇచ్చిన లెక్క ఇది కాదు. అయినా ఆ రచనకు ఇంతకంటే నమ్మకమైన రూపం మరొకటి నాకు తోచదు.

నమ్మకం లేనిచోట ఏమవుతుందో 1964 ఫిబ్రవరిలో తెలిసింది. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం లియొనార్డ్ బెర్న్‌స్టయిన్ ఆధ్వర్యంలో కేజ్ 'అట్లాస్ ఎక్లిప్టికాలిస్' చేపట్టింది. నక్షత్ర పటాల మీద కాగితం పెట్టి గుర్తించిన స్వరాలవి. ఇక్కడా వాద్యాలకు కాంటాక్ట్ మైకులే. ప్రేక్షకులు లేచి వెళ్లిపోవడం వింత కాదు. వాద్యకారులే వెటకారంగా వాయించారు, మైకుల్ని పాడుచేశారు. కాగితం మీద వదిలిన ఖాళీని టూడర్ బాధ్యత అనుకున్నాడు, వాళ్లు అవమానం అనుకున్నారు. వాళ్లదే తప్పని నేననను. జీవితమంతా రాసింది రాసినట్టు వాయించడం నేర్చుకున్నవాళ్లకు కొద్దిపాటి రిహార్సళ్లలో ఈ బుద్ధి ఎక్కడినుంచి వస్తుంది?

వాద్యకారుడు రచయితను ముందుకు నడిపించిన సందర్భమూ ఉంది. వయొలిన్ కోసం 'ఫ్రీమన్ ఎట్యూడ్స్' 1977లో మొదలుపెట్టిన కేజ్, వాటిని వాయించడం అసాధ్యమని తేలడంతో సగంలో ఆపేశాడు. ఏళ్ల తరువాత వయొలిన్ వాద్యకారుడు అర్విన్ ఆర్డిట్టి వాటినే అనుకున్నదానికంటే వేగంగా వాయించి చూపాడు. దాంతో కేజ్ మళ్లీ కలం పట్టి 1990లో 32 ఎట్యూడ్లూ పూర్తిచేశాడు.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 1946లో న్యూయార్క్ వచ్చిన గీతా సారాభాయ్ దగ్గర కేజ్ భారతీయ సంగీతం గురించి నేర్చుకున్నాడు, బదులుగా పాశ్చాత్య సంగీతం నేర్పాడు. 1969లో అహ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ స్టూడియో ఏర్పాటుకు తోడ్పడింది టూడరే.

అప్పటికే అతను పియానో నుంచి సర్క్యూట్ల వైపు మళ్లుతున్నాడు. తానే స్వరకర్త అయ్యాడు. 1973లో న్యూ హాంప్‌షైర్‌లోని చొకోరువాలో యువకుల్ని కూడగట్టి 'రెయిన్‌ఫారెస్ట్ 4' చేశాడు. పైకప్పు నుంచి వస్తువులు వేలాడదీసి, వాటికి కంపనయంత్రాలు తగిలించి, వస్తువుల్నే స్పీకర్లుగా మోగించడం అందులో పద్ధతి. ఏ వస్తువు తెచ్చుకోవాలో, అది దేనికి బాగా పలుకుతుందో మాత్రం టూడర్ చెప్పలేదు. ఎవరికి వారు వెతుక్కుని, తట్టి, చెవి పెట్టి విని తెచ్చుకున్నారు.